తాళం వేయని ఫ్లాపీ

ఇరవై ఏళ్ళకు పైగా ఒక మాట నా గొంతులో ఎంగిలి మెతుకులా ఇరుక్కుని ఉంది. మింగలేను, ఉమ్మలేను. నేను ఎవరినీ చంపలేదు, ఎవరి ఇల్లూ దోచలేదు. అలాంటిదయితే ఈపాటికి ఎవరో ఒకరు పట్టుకుని ఉండేవాళ్ళు. నాది చిన్న తప్పు. ఫ్లాపీ మూలన వేలిగోటితో జరిపే నల్లటి మూత ఉంటుందే, అంత చిన్నది. అందుకే ఇన్నేళ్ళు దాచగలిగాను. దాచడంలో నాకున్న నేర్పు తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోబట్టే చెబుతున్నాను. చెప్పవలసిన మనిషికి చెప్పే దమ్ము ఉంటే మీదాకా ఎందుకు వస్తాను?

తొంభైల నడుమ సంగతి. బెంగళూరులో ఆరు నెలల కోర్సు చేసి వచ్చి బళ్ళారి బజారులో, ఒక మెట్ల కింది గదిలో కంప్యూటర్ రిపేరు అంగడి పెట్టాను. అప్పటికి ఊళ్ళో కంప్యూటర్ ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉన్నవాళ్ళందరికీ ఒకటే భయం, వైరస్. అది ఏమిటో ఎవరికీ తెలియదు. దుమ్ములో వస్తుందని ఒకరు, కరెంటు తీగలో వస్తుందని ఒకరు. చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు. నేను స్కూటర్ మీద ఇల్లిల్లూ తిరిగి చూసి వచ్చేవాణ్ణి. నా సంచీలో ఒక ఫ్లాపీ, అరచేతిలో పట్టే చదరపు డిస్కు, ఉండేది. దాన్ని పెట్టి, దానితోనే మిషన్ స్టార్ట్ చేస్తే, లోపల వెతికి వైరస్ లేదని తెర మీద చూపించేది. ఇంటివాళ్ళు నా వెనక చేతులు కట్టుకుని నిలబడి చూసేవాళ్ళు. వైరస్ డాక్టరు అని పేరు పెట్టారు. ఆ పేరు వినపడితే నా ఛాతీ ఇంత పొంగేది.

అందరికీ రెండు జాగ్రత్తలు చెప్పేవాణ్ణి. ఒకటి, తాళం. ఫ్లాపీ మూలన చిన్న రంధ్రం ఉంటుంది. నల్లమూత జరిపి రంధ్రం తెరిచి పెడితే ఆ ఫ్లాపీలోకి కొత్తగా ఏదీ చేరదు, వైరస్ కూడా చేరదు. మూసి పెడితే ఏదైనా దూరొచ్చు. తెరిచి పెట్టడాన్నే తాళం వేయడం అని నేర్పాను. రెండోది, బయటినుంచి వచ్చిన ఫ్లాపీలను ఇంటి ఫ్లాపీలతో కలపకుండా వేరే డబ్బాలో పెట్టుకోండని. రెండూ మంచి మాటలే. ఇప్పుడడిగినా అవే చెబుతాను.

సుబ్బమ్మవ్వ వాళ్ళది బజారులో తరాలుగా వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. కొడుకు ఇంట్లోకి కంప్యూటర్ కొన్నాడు గానీ, దాన్ని నిజంగా వాడుకున్నది డెబ్బై దాటిన ఆ అవ్వే. ఆమెకు రెండు వందలకు పైగా పాటలు వచ్చు. నలుగు పాటలు, హారతులు, బిడ్డను తొట్లో వేసే పాటలు, అప్పగింతల పాటలు. అన్నీ తెలుగువే. మనవరాళ్ళేమో కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. అందుకని తెలుగు పాటలను కన్నడ అక్షరాల్లో టైపు కొట్టించి పుస్తకం చేసి, తన మనవరాళ్ళ చేతిలో పెట్టి పోవాలని ఆమె కోరిక.

ఆ పనికి వచ్చింది హనుమక్క. పేరులో అక్క ఉన్నా ఇరవై రెండేళ్ళ పిల్ల. వాళ్ళది హగరి, బళ్ళారికి దగ్గర్లో రైలు ఆగే పల్లె; అందులో ఊరి చివరి వీధి. అమ్మ కూలికి పోయి కలుపు తీసేది. ఈ పిల్ల కన్నడ టైపింగు పరీక్ష ప్యాసయి, రోజూ పొద్దున ప్యాసింజరు రైలెక్కి బళ్ళారి వచ్చేది. అవ్వ నడిమింటి గడప లోపల కూర్చుని పాడేది. హనుమక్క ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని కొట్టేది. ఆ గడప దాటి ఆ పిల్ల లోపలికి పోగూడదు. నీళ్ళు తాగేందుకు అరుగు మీద వేరే గ్లాసు. అయినా ఇద్దరికీ మంచి స్నేహం కుదిరింది. ఒక్కో చరణం మూడేసి సార్లు పాడించుకునేది ఆ పిల్ల. అవ్వ విసుక్కుంటూనే మళ్ళీ పాడేది. పుస్తకం అయ్యాక తోరణగల్లు ఉక్కు కంపెనీ టౌన్‌షిప్‌లో ఉన్న తన తమ్ముడి కొడుకుకు చెప్పి కంప్యూటర్ ఉద్యోగం ఇప్పిస్తానని అవ్వ మాటిచ్చింది. అవ్వ నోటి మాట ఉంటే చాలు, ఉద్యోగం వచ్చినట్టే. రోడ్డు మీద కంపెనీ బస్సు పోతుంటే హనుమక్క కొట్టడం ఆపి కిటికీలోంచి చూసేది. నేనే చూశాను.

నేను చెప్పిన రెండో జాగ్రత్త ఆ ఇంట్లో ఏమయిందో కూడా చూశాను. ఒకసారి వెళ్ళేసరికి అరుగు మీద ఆ పిల్ల గ్లాసు బోర్లించి ఉంది. దాని పక్కనే ఒక బిస్కెట్ల డబ్బా, అందులో ఆ పిల్ల ఫ్లాపీ, కాపీల కోసం నేనే కొనుక్కోమన్నది. మా ఇంటి ఫ్లాపీలు అల్మారాలో, బయటిది అరుగు మీద అని అవ్వ నాకు గర్వంగా చూపించింది. అవ్వా, నేను చెప్పింది ఫ్లాపీల సంగతి, మనుషుల సంగతి కాదు అని ఆ నిమిషమే అనొచ్చు. అనలేదు. ఎందుకనలేదు? నా మాటకు ఆ ఇంట్లో పురోహితుడి మాటంత విలువ వచ్చిందని లోలోపల మురిసిపోయాను. సిగ్గులేని మురిపెం.

ఇక నా ఫ్లాపీ. నాకు పేకాట పిచ్చి. సిరుగుప్పలో ఒక రైస్‌మిల్లు యజమాని ఇంటికి మిషన్ చూడటానికి పోయినప్పుడు వాళ్ళ కంప్యూటర్లో పేకాట ఆట కనిపించింది. కాపీ చేసుకుందామంటే వేరే ఫ్లాపీ లేదు. వైరస్ చూసే ఫ్లాపీ తాళం తీసి, దాంట్లోకే ఎక్కించుకున్నాను. మళ్ళీ తాళం వేయడం మరిచిపోయాను. ఆటతో పాటు ఇంకొకటి కూడా ఎక్కింది. అది ఒక తేదీ కోసం నెలల తరబడి కదలకుండా కూర్చుని, ఆ రోజు మిషన్ స్టార్ట్ చేయగానే ఉన్నదంతా తుడిచేసే రకం. కొత్తది కావడంతో నా ఫ్లాపీ దాన్ని గుర్తుపట్టలేదు. రెండు నెలలు ఆ ఫ్లాపీతోనే ఇల్లిల్లూ తిరిగాను. పెట్టిన ప్రతి ఇంట్లో దాన్ని వదిలిపెట్టి, వైరస్ లేదు పొమ్మని చెప్పి, పొగిడించుకుని వచ్చాను. కంచే చేను మేయడమంటే ఇదే.

ఆ రోజు పొద్దున అంగడి తెరిచి మిషన్ వేస్తే ఏమీ లేదు. ఖాళీ. ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత సంచీలోంచి ఫ్లాపీ తీసి తిప్పి చూశాను. మూలన రంధ్రం మూసి ఉంది. సిరుగుప్ప గుర్తొచ్చింది. ఆ ఒక్క చూపుతో అంతా తెలిసిపోయింది. ఇది చెప్పడం ముఖ్యం. ఎందుకంటే తర్వాత నన్ను నేను సమర్థించుకోవడానికి, అప్పటికి నాకు సరిగ్గా తెలియదులే అని చాలాసార్లు అనుకోబోయాను. తెలుసు. అంగడిలోంచి అడుగు బయట పెట్టకముందే తెలుసు. హనుమక్క చేయి నా అంగడి మిషన్ మీద ఎన్నడూ పడలేదు.

అంతలో ఫోను. సుబ్బమ్మవ్వ కొడుకు. కంప్యూటర్లో ఏమీ లేదు, పాటలన్నీ పోయినాయి, బిరీన రమ్మని.

వెళ్ళాను. అవ్వ గడప దగ్గర కూర్చుని ఉంది. ముఖం పీక్కుపోయింది. కొడుకు పక్కన నిలబడ్డాడు. హనుమక్క అప్పుడే రైలు దిగి వచ్చి, అరుగు అంచున సంచీ పట్టుకుని నిలబడి ఉంది. నేను కుర్చీలో కూర్చుని ఏవో నాలుగు మీటలు నొక్కాను. నొక్కడానికేమీ లేదు. టైం కోసం నొక్కాను.

"ఏందప్పా, ఎట్ల వచ్చె ఇది?" అంది అవ్వ. "నువ్వు చెప్పినట్లే పెట్టుకుంటిమి గదా అన్నీ."

"బయట నుంచి వచ్చిండాదవ్వా."

"బయటిదంటే ఈ పిల్లది ఒకటే గదా ఈడికి వచ్చేది?"

ఆ ఇంటికి బయటి నుంచి వచ్చే ఫ్లాపీలు రెండు. ఒకటి ఆ పిల్లది, ఒకటి నాది. అవ్వ లెక్కలో నాది బయటిది కాదు. నేను డాక్టర్ని. ఆమె నా ముఖంలోకి చూస్తోంది. ఆ చూపులో నా మీద అనుమానం ఇంత కూడా లేదు. ఉండి ఉంటే బాగుండేది.

"అయిండొచ్చవ్వా," అన్నాను.

అయిండొచ్చు. అవునని కాదు, కాదనీ కాదు. ఎంత పిరికి మాటో చూడండి. ఎవరైనా నిలదీస్తే నేను అవునన్నానా అని తప్పించుకోవడానికి సందు పెట్టుకుని మరీ అబద్ధం చెప్పాను.

హనుమక్క ఏడవలేదు, గొడవ చేయలేదు. డబ్బాలోంచి తన ఫ్లాపీ తీసి రెండు చేతులతో నా ముందు పెట్టింది. "చూడన్నా," అంది. "నిజంగా దీంట్లో ఉండాదా?"

"ఉండాది," అన్నాను.

అది అబద్ధం కాదు. ఆ మిషన్లో రోజూ పెట్టే ఫ్లాపీ, దానికీ అంటుకునే ఉంటుంది. నా నుంచి మిషన్‌కు, మిషన్ నుంచి దానికి. ఒక్క నిజం చెప్పి ఒక మనిషిని దొంగను చేయవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. ఆ పిల్ల ముఖం ఎలా మారిందో చెప్పలేను. నా మాట నమ్మింది. తన తప్పే అనుకుంది. అయినా ఇంకో మాట అడిగింది.

"నువ్వు చెప్పినావని ప్రతి పాటా దీంట్లో గూడా ఒక కాపీ పెడితినన్నా. అవి తీసేకి అయితాదా?"

అవ్వ చటుక్కున తలెత్తింది. ఆమె కళ్ళల్లోకి ప్రాణం వచ్చింది. నాకేసి ఆశగా చూసింది.

అవుతుంది. ఇక్కడ మీకు బాగా తెలియాలి. ఆ వైరస్ ఫ్లాపీలో మొదటి కొంచెం చోటులోనే కూర్చుంటుంది, పాటల జోలికి పోదు. నా అంగడిలో అయిదు నిమిషాల పని. అప్పటిదాకా కొట్టిన నూట ఎనభై పాటలూ అక్షరం పోకుండా వచ్చేవి. అవ్వ పుస్తకం అయ్యేది. ఆ పిల్ల తలెత్తుకునేది. మరెందుకు తీయలేదు? ఆ ఫ్లాపీ బతికి ఉంటే నాకంటే తెలిసిన బెంగళూరు వాడెవడో చూసి ఇది ఏ వైరసో చెబుతాడు. ఇదే వైరస్ ఇదే రోజు ఊళ్ళో పది ఇళ్ళలో బయటపడుతుంది. ఆ పది ఇళ్ళకూ పోయి వచ్చేది ఎవరు అని ఎవడో ఒకడు అడుగుతాడు. ఇదంతా నేను ఎంతసేపు ఆలోచించాను అనుకుంటున్నారు? ఒక గుటక మింగేంత సేపు. అంత వేగంగా పని చేసే బుర్ర, మంచికి ఒక్కనాడూ అంత వేగంగా పని చేయలేదు.

"రాదవ్వా," అన్నాను. "తెరిస్తే మళ్ళీ అంటుకుంటాది."

అవ్వ కళ్ళు మూసుకుంది. "అట్లయితే అది ఈడ ఉండేది బేడ, వద్దు. ఇరిసెయ్ అప్పా," అంది.

విరిచేశాను. రెండు చేతులతో, మోకాలికి ఆనించి. ఫటుక్కుమంది. లోపలి పలచటి గోధుమరంగు బిళ్ళ బయటికి వచ్చింది. నూట ఎనభై పాటలు. ఆ పిల్ల చేయి చాచింది. అంతకుముందు ఎన్నోసార్లు ఆ చేతిలోంచి ఫ్లాపీ అందుకున్నాను, ఇచ్చాను. బెంగళూరులో చదువుకుని వచ్చినవాణ్ణి, నాకు ఆ అంటు పట్టింపులు లేవని చెప్పుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం నా వేళ్ళు ఆమె వేళ్ళకు తగలకుండా, ముక్కలను పైనుంచి జారవిడిచాను. ఎవరూ చెప్పలేదు నాకు అలా చేయమని. నా చేయి తనంతట తానే చేసింది.

హనుమక్క వెళ్ళిపోయింది. అవ్వ కోడలు పసుపు నీళ్ళు తెచ్చి కుర్చీ మీద, బల్ల మీద చల్లింది. కీబోర్డు మీద కూడా చల్లబోతే, నీళ్ళెక్కువ పోయొద్దమ్మా, పాడవుతుంది అన్నాను. ఆ ఇంట్లో ఆ రోజు నేను అడ్డు చెప్పింది అదొక్కదానికే. తర్వాత నడిమింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. తాగాను. ఛీ. పొగలు కక్కే ఆ కాఫీ ఇప్పటికీ నాలుక మీద తగులుతుంది. ఇరవై ఏళ్ళుగా ఎక్కడ కాఫీ తాగినా, అడుగున ఆ రుచి ఒకటి ఉంటుంది.

ఇంతటితో ఆగినా కొంత నయం. మిగతా ఇళ్ళనుంచి కూడా అదే రోజు ఫోన్లు వచ్చాయి. కొత్త ఫ్లాపీతో అన్ని మిషన్లూ బాగుచేశాను. ఎట్లా వచ్చిందని అడిగిన ప్రతి ఇంట్లో, బయటి ఫ్లాపీలు రానివ్వకండి, ఫలానా ఇంట్లో హగరి పిల్ల ఒకతి, హనుమక్క అని, ఇట్లే తెచ్చి పెట్టింది అని ఉదాహరణ చెప్పాను. నన్ను ఎవరూ అడగలేదు ఆమె పేరు. నేనే చెప్పాను. నెల తిరక్కముందే ఆ పిల్ల ముట్టుకుంటే కంప్యూటర్ చెడిపోతుందని బజారంతా పాకింది. టైపింగు నేర్పిన చోట కూడా రావద్దన్నారట. తోరణగల్లు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నా పేరు మాత్రం ఇంకాస్త పెరిగింది.

అవ్వ మళ్ళీ పాడలేదు. కొడుకు ఇంకెవరినో టైపింగుకు కుదురుస్తానంటే వద్దంది. రెండేళ్ళకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ ఏడాదే పోయింది. తర్వాత పెద్ద మనవరాలి పెళ్ళికి నన్నూ పిలిచారు. హారతి ఇచ్చేటప్పుడు ఆడవాళ్ళు అవ్వ పాట ఒకటి ఎత్తుకున్నారు. మొదటి చరణం అయింది. రెండోది ఎవరికీ రాలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేశారు. ఎవరో పోయి టేపురికార్డరు వేశారు. నేను ఆ తర్వాత కూర్చుని బూరెలతో భోజనం చేసి, తాంబూలం తీసుకుని వచ్చాను. తిన్నాను మరి. నాకు ఆకలి చచ్చిన రోజు ఒక్కటీ లేదు.

ఇంకొకటి చెబితే అయిపోతుంది. అవ్వ పోయిన మరుసటేడు గుంతకల్లు నుంచి ప్యాసింజరులో వస్తున్నాను. హగరిలో హనుమక్క ఎక్కింది. నెత్తిన మూట, ఎండకు మాడిన ముఖం. నేను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. అయినా గుర్తుపట్టి, అన్నా అని నవ్వుతూ వచ్చి నా ఎదుట కింద కూర్చుంది. సీటు ఖాళీగా ఉంది. కింద కూర్చుంది.

పెళ్ళయిందట. అమ్మలాగే కలుపుకు పోతోందట. పని చేసే సర్కారు వ్యవసాయ ఫారం ఆఫీసులోకి కంప్యూటర్ వచ్చిందట, కన్నడ టైపింగు వచ్చిన ఆడమనిషి కావాలని ఆమెనే అడిగారట. తనే వద్దందట. ఎందుకు వద్దన్నావని నేను అడగలేదు. తనే చెప్పింది.

"నా చేయి మంచిది కాదన్నా. ఆ పొద్దు నువ్వు చూసి చెప్పబట్టి సరిపోయె. లేకుంటే ఇంకెన్ని ఇండ్లల్లో చేసిందునో."

నాకు కృతజ్ఞత చెబుతోంది. అవ్వ పాటలు గుర్తున్నాయా అన్నాను. ఎందుకడిగానో తెలియదు. అన్నీ ఉండాయి అంది. ఆమెకు అన్నీ వచ్చు. మూడేసి సార్లు వింటూ కొట్టిన పాటలు ఎక్కడికి పోతాయి? మరి పాడవా అంటే తల అడ్డంగా ఊపింది. అవ్వ పాటలు తన వల్లే పోయాయి కదా, ఇంక ఏ నోటితో పాడేది అంది.

మూట విప్పి వేయించిన శనక్కాయలు తీసింది. తిను అన్నా అంది. చేయి చాచాను. తన వేళ్ళు నా చేతికి తగలకుండా, పైనుంచి జారవిడిచింది.

అప్పుడైనా చెప్పొచ్చు. రైలు పెట్టెలో నలుగురే ఉన్నారు. అవ్వ లేదు, నా అంగడికి వచ్చిన ముప్పేమీ లేదు. నోరు తెరిచాను కూడా. బళ్ళారి వచ్చింది. దిగిపోయాను. శనక్కాయలు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒక్కటీ మిగల్చకుండా తిన్నాను. పారేయడానికి కూడా నాకు దమ్ము లేకపోయింది.

హగరి ఇక్కడికి ఎంత దూరం? రైలెక్కితే కాళ్ళు చాపుకునేలోపు వస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ స్టేషన్‌లో దిగలేదు. ఈ కాగితం రాయడం కూడా ఆ రైలు తప్పించుకోవడానికే అని నాకు తెలుసు. మీరు నన్ను క్షమించవద్దు. ఆ పని మీది కాదు. నాకు కావలసింది ఆమెతో అనవలసిన మాట ఒక్కసారి పూర్తిగా, సందు పెట్టుకోకుండా, నా చేత్తో రాయడం.

హనుమక్కా, తాళం వేయని ఫ్లాపీ నాది. నీ చేతిలో ఏ చెడూ లేదు. ఆ పొద్దు నీ ఫ్లాపీలోంచి పాటలు వచ్చేవి, అయిదు నిమిషాల పని. నేనే రావంటిని.